నీళ్లు లేవన్న మాట

నేను చదివిన చదువు పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. సహజ వనరుల నిర్వహణ. అందులోనూ మాది మట్టి గుణాలు, నీటి లోతులు కొలిచే శాఖ కాదు. మనుషుల వైపు నుంచీ, వ్యాపారం వైపు నుంచీ చూసే శాఖ. చెరువు నీళ్లు ఎవరు పంచుతారు, ఊరుమ్మడి బీడును ఎవరు ఎవరికి కౌలుకు ఇస్తారు, అడవిలో తేనె తెచ్చే మనిషికీ సీసాలో పోసి అమ్మే కంపెనీకీ మధ్య ఎంతమంది కూర్చుని తింటారు, ఇలాంటివి. మార్కాపురం బస్టాండులో తెలిసినవాళ్లెవరైనా ఎదురుపడి "ఏం చదువుతుండావు పాపా?" అని అడిగితే నాకంటే ముందు మా నాయనే జవాబు చెప్పేవాడు.

"నీళ్ల చదువు."

"చదివితే నీళ్లొస్తాయంటనా?"

"వస్తే మొదలు మన బోర్లోకే తెప్పిస్తాలే" అని నాయన నవ్వేవాడు. అడిగినవాళ్లు కూడా నవ్వి బస్సు ఎక్కేవాళ్లు.

మా ఊరు పుల్లలచెరువు దాటి లోపలికి పోవాలి. నల్లమల కళ్లకు కనిపిస్తుంది, కానీ అక్కడి వాన మా దాకా రాదు. వాన మీద ఆధారపడితే కంది, ఆముదం. బోరు ఉంటే మిర్చి, బత్తాయి. తాగడానికి బబుల్ నీళ్లు కొనుక్కుంటాం. అవి రాకముందు ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల మోకాళ్లు, నడుములు ఎలా అయ్యాయో ఏ వీధిలోకి పోయినా చూడొచ్చు. ఆ నీళ్లే చేలకు మాత్రం అమృతం.

క్లాసులో మొదటి రోజే మా మేడం ఒక మాట అన్నారు. నీళ్లను ఎవరూ మేనేజ్ చేయలేరట, చేయాల్సింది మనుషుల్నట. ఆ మాట నాకు తెగ నచ్చింది. మనుషుల సంగతి నాకు బాగా తెలుసని అనుకునేదాన్ని. మా ఇంట్లో, మా దాయాదుల్లో, మా వీధిలో ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడటం లేదో అన్నీ నాకు కంఠతా వచ్చు. అందుకే చివరి ప్రాజెక్టుకు నా తోటివాళ్లంతా అరకు, పాడేరు అని దూరాలు ఎంచుకుంటే నేను మా ఊరే రాసిచ్చాను. అమ్మ చేతి కూడు కోసమని స్నేహితులు ఎగతాళి చేశారు. అది కూడా నిజమే.

ప్రాజెక్టు విషయం మా బోరే. మా నాయన, మా పెదనాయన, ఇంకో ముగ్గురు దాయాదులు కలిసి వేయించుకున్న ఉమ్మడి బోరు అది. బోరు పక్కనే నాపరాళ్లు నిలబెట్టి కట్టిన పెద్ద తొట్టి ఒకటి ఉంది. బోరు కంటే ఆ తొట్టే పాతది, మోట బావి ఉన్న రోజుల్లో కట్టిందట. వంతు ఎవరిదైనా సరే, మోటారు వేసినవాడు ముందు తొట్టి నింపి, ఆ తర్వాతే తన చేను వైపు వాల్వు తిప్పుకోవాలి. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఆ తొట్టిలో తాగేది ఎక్కువగా మా అత్త మందే.

అత్త అంటే రక్తసంబంధం కాదు. ఊళ్లో గొర్రెలు కాచుకునే ఇంటి మనిషి. మా నాయనను అన్నా అని పిలుస్తుంది కాబట్టి నాకు అత్త. ఆమె భర్త, నాకు మామ, మా ఊరి నీళ్ల పుణ్యమా అని చాలా ఏళ్లుగా మంచానికీ వాకిటికీ మధ్యే తిరుగుతున్నాడు. మందను అత్త ఒక్కతే తోలుతుంది. కోతలైపోయాక మా చేలల్లో రాత్రిళ్లు మంద కడుతుంది. గొర్రెల ఎరువు, మూత్రం పడ్డ చేను మరుసటి ఏడు ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుసు. తొట్టి నీళ్లకు మంద, మందకు తొట్టి నీళ్లు. మధ్యలో రూపాయి లేదు. మా పాఠాల్లో దీనికి ఒక పెద్ద పేరు ఉంది. ఆ పేరు అత్తకు చెబితే "ఇంకోసారి అను పాపా" అని రెండుసార్లు అనిపించుకుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నేను ప్రాజెక్టుకు వచ్చేసరికి ఆ తొట్టి ఎండిపోయి ఉంది. వరసగా వానలు తప్పాయి. బోరు సన్నబడింది. బత్తాయి చెట్లు కాపుకు వచ్చాయి. కాపు మీద ఉన్న చెట్టుకు ఒక్క తడి తప్పినా పిందె రాలిపోతుంది. అందరూ డ్రిప్పు వేసుకున్నారు. యూరియా నీళ్లలో కరిగించి ఆ డ్రిప్పు పైపుల్లోకే వదిలితే తిన్నగా వేరుకు చేరుతుంది కాబట్టి మంద కట్టించుకోవాల్సిన అవసరం కూడా తగ్గింది. దాయాదులంతా కూర్చుని, ఇకమీదట పైపు దాటి బయట ఒక్క చుక్క పోకూడదని అనుకున్నారు. తొట్టి అన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకుండానే అది ఆగిపోయింది. వ్యాపారం వైపు నుంచి చూస్తే ఇందులో ఏ తిరకాసూ లేదు. ఎరువు దుకాణంలో బస్తాల్లో దొరికిన రోజే గొర్రెల ఎరువు విలువ పోయింది, దాంతో పాటే తొట్టి కూడా పోయింది. మనుషుల వైపు నుంచి చూడటమే కష్టం.

మా వైపు ఇంకొక పద్ధతి ఉంది. బయటివాళ్లకు చెబితే నమ్మరు. బోరు దగ్గర నిలబడి నీళ్లు లేవు అనే మాట అనకూడదు. బోరు వింటుందట. విన్న బోరు ఎండిపోతుందట. ఊళ్లో ఎండిన బోర్లు ఎన్నో ఉన్నాయి, అవన్నీ ఎవరో ఒకరు నోరు జారబట్టే ఎండాయని మా పెదనాయన గట్టి నమ్మకం. అందుకే ఎవరైనా వచ్చి నీళ్లు అడిగితే, ఇవ్వడం కుదరనివాడు కాదనడు. పిల్లలు బాగుండారా అంటాడు, వాన కబురేమైనా ఉందా అంటాడు. అడిగినవాళ్లు కూడా రెట్టించరు. ఇంటికి పోయి చూస్తారు. నీళ్లు వస్తే ఒప్పుకున్నట్టు, రాకపోతే లేదన్నట్టు. ఇలా ఎవరి మనసూ నొప్పించకుండా, ఏ బోరూ ఎండకుండా తరాలుగా నడిచిపోతోంది. నేనూ దీన్ని మంచి మర్యాద అనే అనుకుంటూ పెరిగాను.

ఒక సాయంత్రం నాయన బోరు దగ్గర కూర్చుని ఎలుకలు కొరికిన డ్రిప్పు పైపులకు ముక్కలు అతుకుతున్నాడు. నేను టీ పట్టుకుపోయాను. అత్త మందను తోలుకుంటూ గుట్ట మీద నుంచి దిగి వచ్చింది. గొర్రెలు అలవాటు కొద్దీ తొట్టి చుట్టూ చేరి, ఎండిన రాళ్లను మూతులతో తడిమి చూశాయి. మంద బాగా నీరసపడి ఉంది. వాటిని రోజూ తాగించడానికి ఆమె ఎంతో దూరంలో ఉన్న కుంట దాకా తోలుకుపోతోందని, ఆ కుంట కూడా బురదకు వచ్చిందని మా అమ్మ అప్పటికే నాకు చెప్పింది.

"అన్నా, ఈ ఎండాకాలం దాటిస్తే సాలు" అంది అత్త. "నాలుగు సినుకులు పడితే గుట్ట మీద గడ్డొస్తాది, వంకలో నీళ్లొస్తాయి. రోజూ వద్దు. దినం మార్చి దినం ఈ తొట్లో ఇంతన్ని పోపియ్యి. ఈ మంద పోతే మాకింకేముంది? ఆయన్ని జూస్తే అట్ల. నేనాడికని పోదును?"

నాయన చేతిలోని పైపు ముక్కను తిప్పి తిప్పి చూశాడు.

"బావ మోకాళ్లెట్లుండాయి చెల్లెమ్మా?"

"అట్లనే ఉండాయి. లేస్తే కూసోలేడు, కూసుంటే లేవలేడు."

"మార్కాపురం తీసకపోయి సూపియ్యకపోయినావా?"

"సూపిచ్చినా. నీళ్లు మార్చుకోమన్నాడు డాక్టరు."

అత్త ఇంకాసేపు నిలబడింది. తర్వాత మందను అదిలించుకుని వెళ్లిపోయింది. ఆమె దూరం పోయేదాకా ఆగి నేను అన్నాను:

"కుదరదని చెప్పొచ్చు గదా నాయనా."

"బోరు కాడ ఆ మాట అంటారా ఎవురన్నా?"

"ఇంటికాడన్నా చెప్పు."

"చెప్పేదేంది? ఆమెకే తెలుస్తాదిలే" అన్నాడు నాయన. ఆయనకు మాత్రం ఇష్టమా? ఒక్కడే ఇవ్వలేడు. ఇస్తే దాయాదులు ఊరుకోరు. ఆ బాధ ఆయన ముఖంలో కనిపిస్తూనే ఉంది.

మరుసటి రోజు చెట్లకు యూరియా ఇవ్వాలి. ఆ వారం మోటారు కరెంటు తెల్లవారుజామునే వస్తుంది కాబట్టి యూరియాను ముందు రోజే కరిగించి పెట్టుకుంటారు. కరిగించే ప్లాస్టిక్ డ్రమ్ము ఎండకు ఎండి నిలువునా చీలిపోయింది. కొత్తది తేవాలంటే పుల్లలచెరువు పోవాలి. ఖాళీగా ఉన్న తొట్టి పక్కనే కనిపిస్తోంది. అత్త పోయాక కాసేపు వచ్చిపోయిన కరెంటుకు నాయన అందులోకి నీళ్లు వదిలి, యూరియా బస్తాలు విప్పి పోసి, కర్రతో తిప్పి, ఏ కుక్కో పక్షో మూతి పెట్టకుండా మీద సర్కారు తుమ్మ కంప పరిచి ఇంటికి వచ్చేశాడు. యూరియా కరిగితే నీళ్ల రంగు మారదు. మామూలు నీళ్లలాగే తేటగా, ఇంకొంచెం చల్లగా ఉంటాయి.

ఆ తెల్లవారుజామున కరెంటు రాలేదు. నాయన బోరు దగ్గర కాసేపు కాచుకుని, టీ తాగి వద్దామని ఇంటికి వచ్చాడు. అత్త సరిగ్గా అప్పుడే మందను గుట్టకు తోలుకుపోతూ అటు వచ్చింది.

ఎన్నాళ్లుగానో ఎండిపోయి ఉన్న తొట్టి నిండుగా ఉంది. నిన్న సాయంత్రం అడిగింది, పొద్దునకు నీళ్లు వచ్చాయి. మా ఊళ్లో అడిగినవాళ్లకు జవాబు అలాగే వస్తుంది. మరి మీద కంప ఎందుకు? దాయాదుల కంట పడకుండా, ఇంకొకరి పశువులు తాగిపోకుండా, తన మంద కోసమే మా నాయన కంప కప్పి పెట్టాడనుకుంది. ఇవన్నీ తర్వాత ఆమె చెప్పిన మాటలే. కంప తీసి పక్కన పడేసింది. గొర్రెలు ఒకదాని మీద ఒకటి ఎగబడి తాగాయి. అన్న కోసం దండం పెట్టుకుందట, అది కూడా చెప్పింది.

కేక విని మేం పరుగెత్తేసరికి ముందు తాగిన గొర్రెలు అప్పటికే వణుకుతున్నాయి. కడుపులు ఉబ్బి, నోట నురగ కక్కుతూ, నాలుగు అడుగులు తూలి పడిపోతున్నాయి. పడినవి కాళ్లు కొట్టుకుంటున్నాయి. అత్త ఒక్కో దాన్నీ లేపి నిలబెట్టబోతోంది, అది పడిపోతే ఇంకో దాని దగ్గరికి పరుగెడుతోంది. నాయన పక్కన పడి ఉన్న కంపను చూశాడు. "యూరియా" అన్నాడు.

నేను పశువుల ఆస్పత్రికి ఫోన్ చేశాను. చల్లటి నీళ్లలో వెనిగర్ కలిపి వెంటనే పట్టించమన్నారు, లేకుంటే పుల్లటిది ఏదైనా సరే అన్నారు. మా ఊళ్లో వెనిగర్ ఎవరింట్లో ఉంటుంది? నాకు గుర్తొచ్చింది పుల్లలచెరువులో సాయంత్రాలు నూడుల్స్ వేసే ఫాస్ట్‌ఫుడ్ బండి ఒక్కటే. ఆ సంగతి చెప్పగానే పెదనాయన మోటారుసైకిలు తీశాడు. బయటికి చుక్క పోకూడదని అందరికంటే గట్టిగా పట్టుపట్టింది ఆయనే, పరుగెత్తింది కూడా ఆయనే. అమ్మ ఏడాదికి పెట్టుకున్న చింతపండు కుండ ఎత్తుకొచ్చింది. బకెట్లలో పిసికి, సీసాల్లో పోసి, నోళ్లు తెరిచి పట్టించాం. దాయాదుల ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. చింతపండు పిసుకుతూనే ఉన్నారు. నా చేతుల్లోనే ఒక ఈనిన గొర్రె చచ్చిపోయింది. దాని పిల్ల ఇంకా పాలు తాగే వయసుదే కాబట్టి తొట్టి జోలికి పోలేదు, బతికింది. తల్లి చుట్టూ తిరుగుతూ పొదుగు కోసం వెతుక్కుంటోంది. నాకు గట్టిగా ఏడుపొచ్చింది.

పెదనాయన బండివాణ్ని ఇంట్లో నిద్ర లేపి అరసీసా వెనిగర్ తెచ్చేసరికి మందలో సగానికి పైగా నేల మీద ఉంది. వెనక నిలబడి సరిగా తాగనివీ, పులుసు ముందుగా పడినవీ మిగిలాయి.

అత్త అప్పుడు నాయన వైపు చూసి, కోపంతో కాదు, అర్థం కాక అడిగింది.

"నీళ్లు పోసినావనుకున్నా గదన్నా. రాత్రి మీ బావతో గూడా చెప్పినా. మా అన్న నోటితో అనలేదు గానీ, పొద్దున్నే పోస్తాడు సూడు అని."

నాయన తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

ఆ మధ్యాహ్నం పాలకేంద్రం అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. మా తొట్టి, మా యూరియా, కంప కప్పి ఉంది, కప్పిన కంప తీయమని ఎవరు చెప్పారు అని దాయాదుల్లో ఒకాయన మొదలుపెట్టాడు. నాయన లేచి తప్పు తనదేనన్నాడు. దాయాదులు ఆయన వైపు గుర్రుగా చూశారు. ఒప్పుకుంటే అందరి మీదకీ వస్తుందని వాళ్ల భయం. కాసేపు అరుపులు, కాసేపు సముదాయింపులు. చివరికి తలా కొంచెం వేసుకుని ఏదో ఒకటి ఇద్దామన్నారు.

అత్త అంతసేపూ గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పుడు మాత్రం నోరు విప్పింది.

"సచ్చినోటికి ఇచ్చేది తర్వాత మాట్లాడుకుందాం. ఉన్నోటికి నీళ్ల సంగతి చెప్పండి."

ఒకాయన వాన కబురు ఎత్తాడు. ఈసారి తొందరగా పడతాయంటున్నారన్నాడు. నాకు అక్కడే లేచి అరవాలనిపించింది. చచ్చిన గొర్రెలను ఇంకా పూడ్చనైనా లేదు, వీళ్లు మళ్లీ వాన కబుర్లు చెబుతున్నారు!

మేడంకు ఫోన్ చేసి ప్రాజెక్టు కొంచెం ఆలస్యమవుతుందని చెబుతూ జరిగిందంతా చెప్పాను. ఆవిడ మంచి మనిషే, నిజంగానే నొచ్చుకున్నారు. నొచ్చుకుని, "ఇది కమ్యూనికేషన్ గ్యాప్. రాయి, మంచి కేస్ స్టడీ అవుతుంది" అన్నారు. నేను ఫోన్ పెట్టేశాను. గ్యాప్ ఎక్కడుంది? అడిగిన మనిషికీ విన్న మనిషికీ ఒకే భాష, ఒకే మర్యాద. ఆ మర్యాద ప్రకారం ఇద్దరూ తు.చ. తప్పకుండా నడుచుకున్నారు. నడుచుకోబట్టే గొర్రెలు చచ్చాయి. ఆ సంగతి నేను ప్రాజెక్టులో రాయలేదు. ఇప్పుడు గిద్దలూరు వైపు ఇదే రకం ఉద్యోగం చేస్తున్నాను. ఊరి మీటింగుల్లో అడిగినదానికి జవాబు చెప్పకుండా "భోంచేశారా మేడం" అనేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్లు చెడ్డవాళ్లు కారని తెలిసి ఇంకా మండుతుంది.

కొద్ది రోజులకు అత్త మిగిలిన మందను తోలుకుని మళ్లీ బోరు దగ్గరికి వచ్చింది. పట్టపగలు. కరెంటు ఉంది, మోటారు ఆడుతోంది. తొట్టిని నాయన ఇసుకతో తోమి, కడిగి, ఎండబెట్టాడు. గొర్రెలు దాని దగ్గరికి పోబోతే అత్త కర్ర అడ్డం పెట్టింది.

"అన్నా, ఈసారి నోటితో చెప్పు. నీళ్లు పోస్తానంటే ఉన్నోటిని సాక్కుంటా. లేదంటే యాపారిని రమ్మన్నా, మధ్యానం బండికెక్కిస్తా. పలకల ఫ్యాక్టరీలో పనుందంట. ఆయన్ని ఎత్తుకోని మార్కాపురం పోతాం."

నాయన ఆమె వైపు చూడలేదు. బత్తాయి చెట్ల వైపు చూశాడు. చెట్ల కింద దాయాదులిద్దరు పైపులు సర్దుతున్నట్టు వంగి, ఇటే చెవి పెట్టి ఉన్నారు. బావ మోకాళ్ల సంగతి అడుగుతాడేమోనని నాకు భయం వేసింది. అడగలేదు.

"లేవు చెల్లెమ్మా" అన్నాడు.

బోరు దగ్గర ఆ మాట వినడం నా జన్మలో అదే మొదటిసారి. బోరు ఎండిపోలేదు. మోటారు చప్పుడైనా మారలేదు. చెట్టు చెట్టు కిందా నీళ్లు పడుతూనే ఉన్నాయి.

అత్త తల ఊపింది. మందను మలుపుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"ఈ మాట ఆ పొద్దే అనింటే నా గొర్లు బతికేటివి గదన్నా" అంది.